బాలింత బండకు రెండు పుట్టిళ్ళు

పాతరేవు,
12 జులై 2024

ఎదురుగట్టు వదినకు,

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెడితే రెండూ అబద్ధాలే అవుతాయి. అందుకని నేరుగా సంగతిలోకి వస్తున్నాను. ఇది ఉత్తరం, మాట కాదు. మీ అన్న శ్రీనూ, మా అన్న కోటేషూ "ఆ ఇంటోళ్ళతోని మాట్లాడితే ఒట్టే" అన్నారు గాని, రాస్తే ఒట్టని అనలేదు. ఫోన్ చేస్తే మాట అవుతుంది. మెసేజ్ పెడితే మీ ఆయన నీ ఫోన్ తిప్పి తిప్పి చూస్తాడని నువ్వే ఒకప్పుడు చెప్పావు. పడవ చిరంజీవి చేతికిస్తే గోదావరి దాటి అరగంటలో నీ వాకిట్లో ఉంటుంది. అతను చదవడు. చదివినా ఎవరికీ చెప్పడు. చెప్పినా ఎవరూ నమ్మరు.

పన్నెండేళ్ళ కింద ఒకే పందిట్లో మీ అన్నకు నన్నిచ్చి, మా అన్నకు నిన్ను తెచ్చుకున్నప్పుడు కుండమార్పిడి పెళ్ళంత మేలు లేదన్నారు పెద్దలు. ఒక కోడలిని ఏడిపిస్తే అవతల తమ కూతురు ఏడుస్తుంది కనుక ఇద్దరూ సుఖంగా ఉంటారట. ఇద్దరినీ ఒకేసారి ఏడిపించవచ్చని వాళ్ళు చెప్పలేదు. దానికి ఒక చేప తలకాయ చాలింది. మొదటి వలలో పడిన బొచ్చె తలకాయ బావకు పెట్టాలి గదా, మీ అన్న దాన్ని సర్పంచికి పెట్టాడు. మా అన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆయన అలక ఆయనది, ఈయన పంతం ఈయనది. మధ్యలో నువ్వు నీ పుట్టింటి గడప తొక్కక రెండేళ్ళు, నేను నా పుట్టింటి గడప తొక్కక రెండేళ్ళు.

నిన్న వరద ఎర్రనీళ్ళు వచ్చి నది మధ్యలో బాలింత బండ మునిగింది. ఆ సంగతి నీకు చెప్పేదేముంది, కానీ మీ అన్న దాన్ని టూరిజం ఆఫీసరుకు చెప్పిన తీరు నువ్వు వినాలి. "సార్, గీ బండ మాకు ఆడబిడ్డ. వరదొస్తే పురిటిగదిలకు పోతది. నీళ్ళు తీసి మల్ల కనబడ్డాక పుట్టింటోళ్ళం పోయి పసుపు నీళ్ళు పోసి సారె పెడ్తం. గప్పటిదాకా ఒక్కడు ఆమె పక్కన వల వెయ్యడు." ఆఫీసరుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ ఊరు పుట్టిల్లయితే ఆ ఊరికి పడవల జెట్టీ, కాటేజీలు, రంగు లైట్లు అని అక్కడికక్కడే అనేశాడు. మీ అన్న వెంటనే, "మాదే సార్. మా కండ్ల ముందలనే పెరిగింది" అన్నాడు. బండ పెరగడం ఈ భూమ్మీద మీ అన్న ఒక్కడే చూశాడు.

మన తాతల కాలం నుంచి ఈ రెండు ఊళ్ళూ ఏమని కొట్టుకున్నాయి? "అది మీ బిడ్డ, సారె మీరే పెట్టాలె, మేం అత్తగారోళ్ళం, చూసి తిని పోతం" అనే గదా. ఖర్చు పుట్టింటిది కాబట్టి ఎవరూ ఆమెను కన్నామని ఒప్పుకోలేదు. చివరికి ఏడాది విడిచి ఏడాది కంటామని రాజీకొచ్చారు. ఇప్పుడు జెట్టీ అనేసరికి కడుపుతీపి పొంగింది.

మీ అమ్మ బాగానే ఉంది. తింటోంది.

నీతో మాట్లాడని వదిన,
సరళ

* * *

ఎదురుగట్టు,
20 జులై 2024

నాతో మాట్లాడని వదినకు నేను మాట్లాడకుండా రాస్తున్నది,

నీ ఉత్తరం జెల్ల చేపల బుట్టలో వచ్చింది. చిరంజీవి తెలివి అది. రెండు రోజులు ఎండబెట్టి చదివాను. ఇప్పటికీ నీచు వాసనే, నీ మాటలకు తగ్గట్టు.

మీ ఆఫీసరు మాకూ ఆఫీసరే. మీ దగ్గర టిఫిన్ తిని, భద్రాచలం బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి వచ్చి, మా దగ్గర మధ్యాహ్నం భోజనం చేశాడు. ఇది ఢిల్లీ డబ్బట, రెండు రాష్ట్రాల్లో ఎవరికైనా ఇవ్వవచ్చట. మీ అన్న, అదే మా ఆయన, రవ్వ చేప పులుసు వడ్డిస్తూ, "మా చెల్లె లెక్క సార్ గీ బండ. దాన్ని చూడని పూట నాకు బువ్వ సయించది" అన్నాడు. చెల్లెలిని, అంటే నిన్ను, చూడక రెండేళ్ళయింది. బువ్వ మూడు పూటలా బాగానే సయిస్తోంది. మొన్న ప్యాంటు కొలత కూడా పెంచి కుట్టించుకున్నాడు.

ఇక్కడ ఒక కమిటీ పడింది. దాని పేరు బండ పుట్టింటి పరిరక్షణ సమితి. ఫ్లెక్సీ మీద బండ ఫొటో చిన్నది, కమిటీ వాళ్ళ ఫొటోలు పెద్దవి. మన పెళ్ళిళ్ళప్పుడు ఈ రెండు ఊళ్ళదీ ఒకటే జిల్లా. తర్వాత హద్దు వచ్చి నది మధ్యలో కూర్చుంది. అప్పటి నుంచి లోకల్, నాన్ లోకల్ అని ఒడ్డు దాటి పిల్లనిచ్చేవాడు లేడు, తెచ్చుకునేవాడు లేడు. మనుషుల చుట్టరికాలు తెంపుకుని, రాయితో కొత్తగా కలుపుకుంటున్నారు.

నవ్వు అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం ఇచ్చేటప్పుడు చిరంజీవి, "ముసలమ్మ మంచం దిగుతలేదంట గద" అన్నాడు. నేను గుచ్చి అడిగితే, "నాకేం తెల్వది, సరళక్కనడుగు" అని తెడ్డు అందుకున్నాడు. నువ్వేమో "తింటోంది" అని రాశావు. మంచం మీద పడుకుని కూడా తినవచ్చు వదినా. నాకు ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్కసారి అమ్మను చూసి రావాలి, అంతే. పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తే అన్న వాకిట్లోనే నిలబెడతాడు, ఇక్కడ ఈయన మళ్ళీ ఇంట్లోకి రానివ్వడు. అన్నను అడుగు. ఒక్క పూట చాలు.

నీ జవాబు కోసం రేవు దగ్గర బట్టలు రెండోసారి ఉతుకుతున్న,
హేమలత

* * *

పాతరేవు,
3 ఆగస్టు 2024

వదినా,

వరద దిగేదాకా పడవ లేదు, అందుకే ఆలస్యం. గోదావరి మా పశువుల కొట్టం దాకా వచ్చి చూసి పోయింది. భద్రాచలంలో హెచ్చరికల మీద హెచ్చరికలు. మీ అన్నకు మాత్రం ఒకటే బెంగ, బండకు ఎట్లా ఉందోనని. "పాపం, ఎంత నొప్పులు పడ్తున్నదో" అన్నాడు వదినా, నా ఎదురుగానే. మావాడు పుట్టినప్పుడు ఈయన రెండు రోజుల తర్వాత తాపీగా దవాఖానాకు వచ్చి, "అయిపోయిందా" అని అడిగిన మనిషి.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. జూన్ నెలాఖరులో అత్తమ్మ రేవు మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. భద్రాచలం దవాఖానాలో వారం పైన ఉన్నాము. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఇంట్లోనే, మంచం మీద. లేచి కూర్చుంటుంది, నడవలేదు. నీకు రాస్తే వరదలో ఈదుకుంటూ వస్తావని రాయలేదు.

నిన్ను పిలవమని మీ అన్నను అడిగాను. అడిగిన ప్రతిసారీ వల కుట్టుకోవడానికి లేచిపోయేవాడు. నిన్న మాత్రం తనే వచ్చి పక్కన కూర్చుని, "నువ్వెట్లాగూ రాస్తనే ఉన్నవ్ గద. గీ ముక్కలు గూడ రాయి" అన్నాడు. మన రహస్యం ఊరందరికీ తెలిసినట్టే ఉంది. కింద ఉన్నవి ఆయన మాటలు, నా చేతిరాత:

"హేమకు. బండకు నోరు లేదు గనుక దాని బదులు ఆడబిడ్డ ఒకతి కూసోని సారె అందుకోవాలె. గది గూడ గీ ఒడ్డు నుంచి గా ఒడ్డుకిచ్చిన పిల్లే కావాలె. ఎనకట పది మంది ఉండేటోళ్ళు. ఇప్పుడు చూస్తే నువ్వొక్కదానివే ఉన్నవ్. నీళ్ళు తీసినంక కబురు పెడ్త. మంచి చీర కట్టుకోని రా. ఫొటోలుంటయ్."

అమ్మ గురించి కూడా రాయించు అన్నాను. "గదెందుకు, వస్తే చూస్తది గద" అన్నాడు. రెండేళ్ళ తర్వాత నువ్వు గుర్తొచ్చినందుకు సంతోషపడాలో, బండ గుర్తొచ్చాక నువ్వు గుర్తొచ్చినందుకు ఏడవాలో నువ్వే తేల్చుకో. కానీ వదినా, దీన్ని కాలదన్నకు. కూర్చున్న ఆడబిడ్డను పుట్టింటికి తీసుకుపోయి అట్టే పెట్టుకోవాలి. మొగుడు స్వయంగా వచ్చి పిలిచేదాకా పంపకూడదు. ఆ ఆచారం మీ అన్న మరిచిపోయాడు. మనం మరిచిపోనక్కర్లేదు.

వరద బురద కడుగుతూ,
సరళ

* * *

ఎదురుగట్టు,
14 ఆగస్టు 2024

సరళకు,

జూన్ నెలాఖరున నేను ఎక్కడున్నానో తెలుసా? భద్రాచలంలో. రోజూ చేపల బుట్ట తీసుకుపోయి ఆ దవాఖానా వీధి మలుపులోనే కూర్చున్నాను. లోపల మా అమ్మకు ఎముక కోస్తుంటే, బయట నేను వాలుగ ముక్కలు కోస్తూ బేరాలాడాను. నీ కడుపులోంచి ఒక్క మాట బయటికి రాలేదు. వరద అని రాశావు. జూన్‌లో ఏ వరద వదినా? అప్పుడు గోదావరిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

నువ్వు మంచిదానివే. ఊరంతా అంటోంది గదా, "కోడలంటే సరళ లెక్క ఉండాలె" అని. ఆ పేరు చిరంజీవి పడవలో ఇక్కడి దాకా వచ్చింది. కూతురు వస్తే ఆ పేరులో వాటా పోతుందని భయపడ్డావేమో.

మీ ఆయనకు చెప్పు, నేను రాను. రాయికి బదులు కూర్చోవడానికి పనికొచ్చిన చెల్లెలు, తల్లి దవాఖానాలో పడితే పిలవడానికి పనికి రాలేదా? ఫొటోలుంటాయట. నా ఫొటో నా ఆధార్ కార్డు మీద ఉంది, చాలు.

ఇక మీ అన్న కూడా నా చేత రాయిస్తున్నాడు. చిన్నప్పటి నుంచి మా అన్నను చూసి కాపీ కొట్టడమే ఈయనకు తెలిసిన చదువు. ఇవి ఆయన ముక్కలు:

"చెల్లె సరళకు. గీ ఒడ్డు నుంచి గా ఒడ్డుకిచ్చిన ఆడబిడ్డవు నువ్వొక్కదానివే మిగిలినవ్. బండ మీద మన ఊరి తరఫున నువ్వు కూసోవాలె. మీ ఆయనకు చెప్పకు. చెప్తే లొల్లి చేస్తడు."

నువ్వు వచ్చి కూర్చో. నీకు నీ పుట్టిల్లు దక్కుతుంది. నేను వండి పెడతాను, నువ్వు తిను. నాకు ఎలాగూ పుట్టిల్లు లేదు.

హేమలత

* * *

పాతరేవు,
1 సెప్టెంబర్ 2024

హేమలతకు,

నీ ఉత్తరం అందింది. మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను. కోపం వచ్చినప్పుడల్లా తీసి చదువుకుంటున్నాను, అందుకే జవాబు ఇంత ఆలస్యం.

దవాఖానాలో ఉండగా నీకు కబురు పెడతానని రోజూ అన్నాను. మీ అన్న నా ఫోన్ తీసి జేబులో పెట్టుకుని, "కోటేష్‌గానికి తెలిస్తే పండగ చేసుకుంటడు. అమ్మ పడ్డదని వాడు నవ్వొద్దు" అన్నాడు. నవ్వుతాడో లేదో నాకు తెలుసు, వాడు నా తోడబుట్టినవాడు. అయినా ఆ వారం నాకు నీ మీద కంటే, మీ అన్న మీద కంటే, మీ అమ్మకు మూత్రం గొట్టం సరిగా ఉందా లేదా అన్న దాని మీదే ధ్యాస ఉంది. నేను చేయాల్సింది చేయలేకపోయాను. కానీ పేరు కోసం దాచానన్నావు చూడు, అది మాత్రం నాకు గుచ్చుకుంది.

పేరు గురించి చెబుతాను విను. పేరు కోసం ఎవరూ పక్కలో పళ్ళెం పెట్టి తీయరు. పూట పూటకూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. కుడి పక్కకు తిప్పితే తిడుతుంది, ఎడమ పక్కకు తిప్పితే మా వంశాన్ని తిడుతుంది. మా వంశంలోనే నువ్వు కూడా ఇప్పుడు ఉన్నావు కనుక ఆ తిట్లలో నీకు సగం వాటా. అది మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దాచలేదు, రోజూ ఊరికి వినిపిస్తూనే ఉంది.

నువ్వు రానన్నావు, నేను వచ్చి కూర్చోమన్నావు. సరే. మా అన్నకు చెప్పు, నేను వస్తున్నాను. పన్నెండేళ్ళలో నన్నెవరైనా కావాలని పిలిచింది ఇదే మొదలు, అది కూడా బండ పుణ్యమా అని. మొగుడు వచ్చి పిలిచేదాకా పుట్టింట్లోనే ఉంటాను. మీ అన్న పంతం నీకు తెలుసు, అంత జల్దీగా రాడు. అప్పుడు మీ అమ్మను ఎవరు తిప్పుతారో మీరూ మీరూ చూసుకోండి.

నువ్వు వండి పెట్టనక్కర్లేదు. నాకు చేతులున్నాయి.

సరళ

* * *

ఎదురుగట్టు,
12 సెప్టెంబర్ 2024

వదినా,

రాత్రి పగలు ఆలోచించాను. నువ్వు ఆ ఇల్లు విడిచి వస్తే అమ్మ దగ్గర మిగిలేది మా అన్న. ఆయనకు తన లుంగీ మడత పెట్టుకోవడమే రాదు, అమ్మను పక్కకు ఏం తిప్పుతాడు?

కోపంలో రాశావో, నిజంగానే రాశావో నాకు తెలియదు, నేను అడగను. నువ్వు మాత్రం మాట తప్పకు. నువ్వు మీ అన్న పడవలో వచ్చి కూర్చో. నేను మా అన్న పడవలో వచ్చి కూర్చుంటాను. నువ్వు ఖాళీ చేసిన ఇంటికి నేను పోతాను, నేను ఖాళీ చేసిన ఇంటికి నువ్వు పోతావు. మన పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు కనుక వాళ్ళ బాధ లేదు. నాకు అమ్మ దగ్గర ఉండడం కావాలి. దానికి ఈ రాయి తప్ప వేరే దారి కనబడటం లేదు.

మీ ఆయనకు నేను ఒప్పుకున్నానని మాత్రం చెప్పు. నువ్వు ఒప్పుకున్నావని చెప్పకు. ఇక్కడ నేనూ అంతే. మీ అన్న ఇప్పటికే మా చెల్లె వస్తున్నదని సున్నం వేయిస్తున్నాడు. పెళ్ళాం పోతున్నదని తెలిస్తే సున్నం ఆగిపోతుంది.

పోయినసారి రాసిన దానిలో కొన్ని మాటలు నీకు తగిలే ఉంటాయి. తగలాలనే రాశాను. ఇప్పుడు రాయాల్సి వస్తే రాయను.

హేమ

* * *

ఎదురుగట్టు,
4 నవంబర్ 2024

పాతరేవులో ఉన్న వదినకు, ఎదురుగట్టు నుంచి సరళ,

చూశావా, పైన ఊరి పేరు రాసేటప్పుడు రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను. నీ వంటింట్లో కూర్చుని, నీ పెన్నుతో, నీకే రాస్తున్నాను.

నిన్న బండకు నువ్వు అటు వైపు కూర్చున్నావు కాబట్టి ఇటు వైపు తమాషా నీకు సగమే తెలిసి ఉంటుంది. మా పడవ వచ్చేసరికి మీ పడవ అప్పటికే కట్టేసి ఉంది. మీ డప్పులు అటు, మా డప్పులు ఇటు. మీ అన్న తలపాగా చుట్టుకుని సారె పళ్ళెం నీ ఒళ్ళో పెడుతూ కెమెరా వైపు నవ్వుతున్నాడు. ఆ నవ్వుతోనే తల తిప్పి, ఇవతల పసుపు నీళ్ళు పోయించుకుంటున్న నన్ను చూశాడు. నోరు తెరుచుకునే ఉంది గాని అందులో నవ్వు లేదు. అదే సమయానికి మా అన్న నా తల మీద నుంచి నిన్ను చూసి చెంబు జారవిడిచాడు.

"ఏంది సరళా, గాడ కూసున్నవేంది? దిగు, జల్దీ దిగు" అని మీ అన్న అరిచాడు. నేను పలకలేదు. నేను అప్పటికి కోటేష్ ఇంటి మనిషిని గదా, ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటివాళ్ళతో మాట్లాడితే ఒట్టు. వాళ్ళు పెట్టిన ఒట్టే. మూతి బిగించి దండం పెట్టాను. మీ అన్న వెనక నుంచి మీ ఊరి ముసలివాళ్ళు, "అవ్, ఒట్టున్నది గద, మాట్లాడొద్దు" అని నాకే వత్తాసు పలికారు. ఆ ఒక్క ఒట్టూ ఈ రెండేళ్ళలో నాకు పనికొచ్చింది నిన్ననే.

ఆఫీసరును చూస్తే జాలేసింది. రెండు ఫ్లెక్సీలు, రెండు సారెలు, ఇద్దరు బాలింతలు. ఫైలు తిరగేసి, తిరగేసి, "రెండు పుట్టిళ్ళు ఉన్న ఆడబిడ్డకు మా గైడ్‌లైన్స్‌లో కాలమ్ లేదండీ" అన్నాడు. ఇవాళ తెలిసింది, ఆ జెట్టీ ఎగువన ఇంకో బండకు ఇచ్చేశారట. దానికి పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు, కొట్లాడే అన్నలు లేరు. కమిటీ వాళ్ళు ఫ్లెక్సీని మధ్యాహ్నమే దించి వరి కుప్ప మీద కప్పారు.

మా అన్న సంగతి రాయాలి. నిన్న సాయంత్రం నుంచి, "హేమ కారం డబ్బా ఏడ పెడ్తది, హేమ నా తువాల ఏడ పెడ్తది" అని నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు, రెండేళ్ళుగా నన్ను ఈ ఇంట్లోకి రానిచ్చావా అన్నాను. పుట్టిల్లు ఎంత బాగుంటుందో అనుకుని వచ్చాను వదినా. గోడలకు కొత్త సున్నం, అంతే. పెళ్ళికి ముందు నేను పడుకునే గదిలో వలలు పెట్టారు. పొద్దున లేచి అలవాటు కొద్దీ మీ అమ్మను తిప్పడానికి చేయి చాచాను.

అమ్మను చూశావా? ఏమంది? ఆ ముక్క ముందు రాయి. ఎడమ పక్కకు తిప్పేటప్పుడు మోకాలి కింద దిండు మరిచిపోకు.

నీ ఇంట్లో చుట్టంలా ఉన్న,
సరళ

* * *

పాతరేవు,
8 నవంబర్ 2024

నా వదిన సరళకు,

అమ్మను చూశాను. సారె పళ్ళెంతోనే పరుగెత్తుకుంటూ లోపలికి పోయాను. మంచం పక్కన కూర్చుని "అమ్మా, నేనే, హేమను" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఒచ్చినవా బిడ్డా, కూసో" అంది. నేను ఏడుస్తుంటే నా తల నిమిరింది కూడా. నిమురుతూనే తలుపు వైపు చూసి, "సరళేది? ఇంక రాలేదేంది?" అని అడిగింది.

నాలుగు రోజులుగా అదే అడుగుతోంది. నేను తిప్పితే తిట్టదు వదినా. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. చుట్టపు పిల్లతో మాట్లాడినట్టు, "నీకెందుకమ్మ శ్రమ, సరళొచ్చి చేస్తది" అంటుంది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలంటుంది. నువ్వు రాసిన తిట్లలో సగం వాటా కోసం నాలుగు రోజులు ఎదురు చూశాను, రాలేదు. అమ్మ కావాలని గోదావరి దాటాను. ఇక్కడికొస్తే అమ్మకు నువ్వు కావాలి. మొదటి రోజు నీ మీద మండిపోయాను, దాచడం ఎందుకు. రెండో రోజు వీపు మీద చిన్న మచ్చ కూడా లేకుండా నువ్వు ఎలా చూసుకున్నావో చూశాను. ఆ తర్వాత మంట లేదు, సిగ్గు మాత్రం ఉంది.

నిన్న అమ్మకు నీళ్ళు పోయాలని చూశాను. మంచం మీద నుంచి ఎలా లేపాలో తెలియక భుజం పట్టి లాగాను. నొప్పికి గట్టిగా అరిచింది. అన్న పరుగెత్తుకొచ్చాడు. అమ్మ ఆయన్ను చూసి, "నా కోడల్ని గా ఒడ్డున పారేసి నువ్విక్కడ వల కుట్టుకుంటున్నవా? పోయి తోల్కరా పో" అంది. "వాడే ముందు రావాలె, వాని చెల్లెను వాడు పంపాలె" అని అన్న ఏదో గొణిగాడు. అమ్మ మంచినీళ్ళ గ్లాసు తీసి కొట్టింది. గురి తప్పలేదు. ఆమె చేతికి ఏమీ కాలేదు, నడుమే పని చేయడం లేదు.

పొద్దున అన్న ఉతికిన చొక్కా వేసుకుని రేవుకు పోయాడు. చిరంజీవిని, "అటు దిక్కు చేపలెట్లున్నయ్" అని గంటసేపు అడిగి, చివరికి పడవ ఆపమని చెప్పి వచ్చాడు. ఈ ఉత్తరం ఆయన జేబులోనే పెట్టి పంపుతున్నాను. తెరిచి చదవడు, చదివితే తన గురించి ఉంటుందని భయం. మీ అన్నతో ఏం మాట్లాడాలో తెలియక వాకిట్లో నిలబడి ఉంటాడు. కాసేపు నిలబెట్టు. మా అన్నే గదా అని నేను అడ్డం రాను. తర్వాత లోపలికి పిలిచి మంచినీళ్ళివ్వు. తిట్టాలనుకుంటే పడవలో తిట్టు, ఒడ్డు చేరేదాకా ఆయన ఎక్కడికీ లేచిపోలేడు.

మీ అన్న నా కోసం వచ్చినా నేను ఇప్పుడే రాను. కారం డబ్బా పై అరలో, పప్పు డబ్బా వెనక ఉంది, ఆయనకు చెప్పు. తువాల ఆయన భుజం మీదే ఉంటుంది ఎప్పుడూ.

నువ్వు త్వరగా రా. ఇవాళ అమ్మకు నీళ్ళు నువ్వే పోయాలి. నేను పక్కన నిలబడి చూస్తాను. ముందు ఏ చేయి పట్టుకుని లేపుతావో నాకు తెలియదు.

నీ కోసం కాగు కింద మంట వేసి,
హేమ